పీటను ఎవరు తిప్పారు? సెటాప్ బాక్స్ విప్పే చిక్కుముడి

సెటాప్ బాక్స్ మెనూలో సింబల్ రేట్ 27500 (సెకనుకు ఎన్ని వేల సింబళ్లో), ఎఫ్‌ఈసీ (తప్పులు దిద్దే కోడ్) 3/4 అని కొట్టి, సిగ్నల్ పట్టీ నిండగానే డిష్ బిగించేవాళ్లు నిచ్చెన దిగిపోతారు. ఆ పట్టీ నిండేలోపే పెట్టె లోపల ఒక తమాషా జరిగిపోతుంది.

ఉపగ్రహ టీవీకి వాడే డీవీబీ-ఎస్ ప్రమాణంలో డేటాను మోసే పద్ధతి క్యూపీఎస్‌కే. తరంగం ఫేజ్, అంటే కోణం, 45, 135, 225, 315 డిగ్రీల్లో ఏదో ఒకటిగా ఉంటుంది. ఒకసారి పంపే కోణమే ఒక సింబల్, దానికి రెండు బిట్లు. సెకనుకు 2.75 కోట్ల సింబళ్లంటే 5.5 కోట్ల బిట్లు. తప్పులు దిద్దడానికి చేర్చిన బిట్లు (నాలుగింట మూడు, దానిపైన 204లో 188 మాత్రమే అసలు డేటా) తీసేస్తే మిగిలేవి సుమారు 3.8 కోట్లు. ఉపగ్రహంలోని ఆంప్లిఫయర్‌ను పూర్తి శక్తి దగ్గర నడిపితే తరంగం ఎత్తు పాడవుతుంది. సమాచారం కోణంలో ఉంది కాబట్టి పెద్ద నష్టం లేదు.

సరే, 45 డిగ్రీలంటే దేన్నుంచి 45? పాఠ్యపుస్తకాల్లో సిగ్నల్‌ను చదివే డిటెక్టర్ బొమ్మ పక్కన 'కాస్ ఓమెగా టీ' (కోణం కొలవడానికి ఆధారమైన తరంగం) అని రాసి ఒక బాణం గీసేస్తారు, అదేదో ఆకాశం నుంచి ఊడిపడినట్టు! ఆ బాణం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగిన విద్యార్థికి వైవాలో పూర్తి మార్కులు వేసెయ్యొచ్చు.

ఆ ఆధార తరంగాన్ని, అంటే క్యారియర్‌ను, ఉపగ్రహం విడిగా పంపదు. వచ్చిన దాంట్లోంచే పిండుకోవాలి. ఉపాయం: సిగ్నల్‌ను నాలుగో ఘాతానికి హెచ్చించడం. అప్పుడు ఫేజ్ నాలుగు రెట్లవుతుంది. 45×4=180. 135×4=540, ఒక చుట్టు తీసేస్తే 180. 225×4=900, రెండు చుట్లు తీసేస్తే 180. 315×4=1260, మూడు చుట్లు తీసేస్తే మళ్లీ 180. డేటా మాయం! నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్క గీత మిగులుతుంది. నాలుగుతో భాగిస్తే క్యారియర్ చేతికొస్తుంది. క్యారియర్‌ను వెంటాడి పట్టుకునే కాస్టాస్ లూప్ అనే సర్క్యూట్ చేసేదీ సారంలో ఇదే. నాయిస్ కూడా ఈ హెచ్చింపులో పెరుగుతుంది కాబట్టి లూప్ బ్యాండ్‌విడ్త్ (అది పట్టించుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు) సన్నగా ఉండాలి. మరీ సన్నగా ఉంటే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే పరికరం) ఫ్రీక్వెన్సీ జారుతున్నప్పుడు వెంటబడలేదు. ఆ జారుడు 1 మెగాహెర్ట్జ్ అనుకుంటే సింబల్‌కు 13 డిగ్రీల చొప్పున నాలుగు సింబళ్లలో 52 తిరుగుతుంది. క్యూపీఎస్‌కే ఓర్చుకునేది 45 వరకే.

భాగించడంలోనే అసలు మెలిక ఉంది. నాలుగు రెట్లు చేస్తే 180 అయ్యే కోణాలు నాలుగు. మీరు లోపలికెళ్లి వచ్చేలోపు చదరపు పీటను ఎవరో పావు చుట్టు తిప్పారనుకోండి, చూసి కనిపెట్టలేరు. పెట్టెదీ అదే అవస్థ.

90 డిగ్రీలు తిరిగితే తప్పులు దిద్దే కోడ్‌ను విప్పే విటర్బీ డీకోడర్‌లో తప్పులు కుప్పలు పడతాయి. పెట్టె ఇంకో పావు తిప్పి చూసుకుంటుంది. 180 తిరిగితేనే ప్రమాదం. బిట్లన్నీ తారుమారవుతాయి (0లు 1లుగా, 1లు 0లుగా), కానీ ఆ కోడ్ రెండు శాఖల్లోనూ (ఎనిమిది ఆధారపు ఆక్టల్ లెక్కలో 171, 133) ట్యాపులు, అంటే కలిపే బిట్లు, ఐదేసి. ఐదు బేసి సంఖ్య కాబట్టి లోపలి బిట్లన్నీ తిరగబడితే బయటివీ అలాగే తిరగబడతాయి, తారుమారైన వరుస కూడా చక్కని కోడ్‌లాగే ఉంటుంది. విటర్బీకి అనుమానమే రాదు.

అందుకే పీట మూలకు బొట్టు పెడతారు. ప్రతి ప్యాకెట్ మొదటి బైటు హెక్స్‌లో (పదహారు ఆధారపు లెక్కలో) 47. దాని బిట్లు అలా తారుమారైతే బీ8. పంపేటప్పుడే ప్రతి ఎనిమిదో ప్యాకెట్‌లో 47 బదులు బీ8 పెడతారు. ఏడు 47లు, ఒక బీ8 వస్తే అంతా సవ్యం. ఏడు బీ8లు, ఒక 47 వస్తే పీట తలకిందులుగా ఉందని అర్థం, బిట్లన్నీ తిరగేస్తే సరి.

క్లాసిక్ బ్లూటూత్ సెకనుకు 2 మెగాబిట్ల వేగంలో ఈ గొడవే పెట్టుకోలేదు: కిందటి సింబల్ నుంచి ఎంత తిరిగామన్నదే డేటా. మూల ఏదైతేనేం! కాకపోతే ఒక సింబల్ చెడితే పక్కదాన్నీ చెడగొడుతుంది.

తర్వాతి తరం ప్రమాణమైన డీవీబీ-ఎస్2లో ఫ్రేమ్ (డేటా కట్ట) మొదట్లోనే ముందే తెలిసిన 26 సింబళ్లు వస్తాయి, బొట్టు కళ్లముందే ఉంటుంది. కానీ అందులో 8పీఎస్‌కే (ఎనిమిది కోణాల పద్ధతి) వాడితే ఓర్పు 22.5 డిగ్రీలకు పడిపోతుంది. పాత ఎల్‌ఎన్‌బీతో మామూలు చానెళ్లు బాగా వస్తూ, 8పీఎస్‌కేలో వచ్చే హెచ్‌డీ చానెళ్లు మాత్రం ముక్కలవుతుంటే, స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ పట్టీ ఎగిరెగిరి పడుతుంటే, డిష్‌కు దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పనక్కర్లేదు. ముందు అనుమానించాల్సింది ఎల్‌ఎన్‌బీ ఆసిలేటర్‌లోని ఫేజ్ నాయిస్‌ను, అంటే కోణం వణుకును. డిష్‌ను అటూ ఇటూ కదపడం మాని ఎల్‌ఎన్‌బీ మార్చి చూడండి.