లియోనార్డో ముడులు, డ్యూరర్ చెక్కలు: ఆ అల్లిక ఎక్కడిది?

నడుమ లాటిన్‌లో లియోనార్డో విన్చి అకాడెమీ పేరు, చుట్టూ తెగకుండా మెలికలు తిరిగే తాడు. 1490ల నాటి ఈ రాగిరేకు అచ్చులు ఆరు. ఆ రాత చూసి మిలాన్‌లో నిజంగానే ఓ విద్యాలయం ఉండేదని చాలామంది నమ్మారు. అది నడిచినట్టు గట్టి ఆధారమేదీ లేదు.

అల్లిక మాత్రం సముద్రం దాటి వచ్చింది. ఈజిప్టు, సిరియాల సుల్తానులైన మమ్లూకులు ఏలిన కైరో, డమాస్కస్‌ల నుంచి వెండి పొదిగిన ఇత్తడి సామాను, తివాచీలు వెనిస్ రేవులో దిగేవి. మహమూద్ అల్-కుర్దీ అనే పనివాడి సంతకమున్న పాత్రలను వెనిస్‌లోనే స్థిరపడిన ముస్లిం పనివాళ్లు చేశారని 19వ శతాబ్దంలో అనుకునేవారు. అవి దిగుమతి సరుకేనని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం.

మన మెలికల ముగ్గులో గీత గీతను దాటితే చాలు. ఈ ముడుల్లో తాడు పడుగు పేకల్లా ఒకసారి పైన, ఒకసారి కింద పోవాలి. మూసిన మెలిక ఎంత చిక్కుగా ఉన్నా ఈ వరస చివరిదాకా కుదురుతుంది, అది గణితం. వరసగా రెండుసార్లు పైనే పోయిందంటే తప్పు నమూనాది కాదు, చేతిది. పై తాడు అంచులు కూడలి మీదుగా సాగాలి, కింది తాడు అంచులు అక్కడ ఆగాలి. రాగి మీద ఉలి జారి ఆ అంచు దాటితే పైదేదో కిందిదేదో తెలియదు. అప్పుడు రేకును గీకి, నునుపు చేసి, వెనకనుంచి సుత్తితో కొట్టి మట్టం చేసి మళ్లీ చెక్కాలి. చెక్క అచ్చులో అయితే అచ్చుపడే గీతను ఉంచి చుట్టూ తవ్వాలి కాబట్టి కూడలి దగ్గర సన్నటి గోడ విరుగుతుంది; ఆ చోట తొలిచి కొత్త ముక్క బిగించడమే దారి.

ఆ కష్టం తెలిసీ జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఆ ఆరు అచ్చులనూ చెక్క మీదికి దించాడు. 1505-07 వెనిస్ ప్రయాణం నాటి పని అది. అకాడెమీ పేరు తీసేశాడు.

తర్వాత నమూనా పుస్తకాల వంతు. 1527లో వెనిస్‌లో తాల్యెంతే కుట్టుపని పుస్తకం, 1530లో పారిస్‌లో పెల్లెగ్రీనో పుస్తకం వచ్చాయి. రెండోదాని పేరులోనే "అరబ్బు, ఇటలీ పద్ధతి" అని ఉంది. జర్మన్ శిల్పి ఫ్లోట్నర్ గీసిన నమూనాలు ఆయన పోయాక, 1549లో జ్యూరిక్‌లో అచ్చయ్యాయి. ఇవి గోడకు తగిలించుకునే బొమ్మలు కావు, పనివాళ్ల సరుకు: గీతల వెంట సూదితో గుచ్చి, ఆ రంధ్రాల మీద బొగ్గుపొడి అద్ది, గుడ్డ మీదికో తోలు మీదికో దించుకునేవారు. డ్యూరర్ కూడా 1521లో ఆంట్‌వెర్ప్‌లో తన "ఆరు ముడులు" ఇచ్చింది ఓ గాజు చిత్రకారుడికే.