ముద్ర ఎవరి చేతిలో ఉంది? చైనా కుటుంబ వ్యాపారాల్లో మహిళలు: అపోహలు - వాస్తవాలు

చైనా ఫ్యాక్టరీల నుంచి సరుకు తెప్పించడం నా పని. ఈ లైన్‌లోకి కొత్తగా వచ్చే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: విజిటింగ్ కార్డు ఇచ్చినాయనే ఓనరు. టీ పోస్తున్నావిడ ఆయన భార్య, అంతే.

వాస్తవం: ఆవిణ్ణి అక్కడ 'లావ్‌బాన్‌న్యాంగ్' అంటారు, యజమాని భార్య అని. నేను చూసిన చిన్న ఫ్యాక్టరీల్లో చాలావాటిలో లెక్కలు, జీతాలు, బాకీల వసూళ్లు ఆవిడవే. చైనాలో సంతకం కన్నా కంపెనీ గుండ్రటి ఎర్ర ముద్రకే విలువెక్కువ. ఒకసారి జెజియాంగ్ రాష్ట్రంలో బేరమంతా ఆయనతో కుదుర్చుకున్నాను. తీరా ముద్ర వేసే వేళకు ఆవిడ కాగితం అందుకుని, క్యాలిక్యులేటర్ మీద రేటు మళ్లీ కట్టి, అడ్వాన్సు పెంచాకే సొరుగు తాళం తీసింది. ఆయన కిక్కురుమనలేదు. ఇంత చేసినా వాటాల కాగితాల్లో ఆవిడ పేరు ఉండకపోవచ్చు. నన్ను బాధపెట్టేది అదే.

అపోహ: అక్కడ ఆస్తి కొడుకులకే.

వాస్తవం: "పెళ్లయిన కూతురు పారబోసిన నీళ్లు" అని వాళ్లకో సామెత ఉంది. మన "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" లాంటిదే. చట్టం మాత్రం 1985లోనే కూతురికి సమాన వారసత్వం ఇచ్చింది. ఒకే బిడ్డ నిబంధన కూడా చాలా ఇళ్లలో కూతురికి దారి తెరిచింది.

అపోహ: నాన్న కుర్చీ దక్కితే అధికారం వచ్చేసినట్టే.

వాస్తవం: వాహాహా పానీయాల కంపెనీ సంగతి చూడండి. దాని వ్యవస్థాపకుడు జోంగ్ చింగ్‌హౌ 2024 ఫిబ్రవరిలో పోయారు. కూతురు జోంగ్ ఫూలీ జులైలో రాజీనామా లేఖ రాసి, మళ్లీ వెనక్కి వచ్చి ఆగస్టులో ఛైర్‌పర్సన్ అయ్యారు. గ్రూపులో ఆ కుటుంబం వాటా 29.4 శాతమే. హాంగ్‌జౌ స్థానిక ప్రభుత్వానిది 46, మిగతాది ఉద్యోగులది. తామూ ఆయన పిల్లలమేనంటూ ముగ్గురు హాంకాంగ్‌లో వేసిన కేసు 2025లో బయటపడింది. సెప్టెంబరులో ఫూలీ ఛైర్‌పర్సన్ పదవి నుంచి తప్పుకున్నారు. "ఆడదానికి చేతకాలేదు" అనడం అన్యాయం. ఆ వాటాలు, ఆ కేసులతో కొడుకైనా అదే చిక్కులో పడేవాడు.

దాణా, మాంసం వ్యాపారంలో ఉన్న న్యూ హోప్‌లో దాని అధిపతి లియు యోంగ్‌హావ్ ముందుచూపుతో వెళ్లారు. 2013లో గ్రూపులోని లిస్టెడ్ (షేర్ మార్కెట్లో ఉన్న) కంపెనీని కూతురు లియు ఛాంగ్‌కు అప్పగిస్తూ, చెన్ చున్‌హువా అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసరును కో-ఛైర్‌పర్సన్‌గా, సీఈఓగా పక్కన పెట్టారు. ఆమే మూడేళ్లు తోడు నిలిచారు. తండ్రి కూడా అందుబాటులోనే ఉన్నారు.

అపోహ: విదేశాల్లో చదివిన వారసురాళ్లే పైకొస్తారు.

వాస్తవం: గుయ్‌జౌ రాష్ట్రంలో 1996లో మిరప కారం ఫ్యాక్టరీ పెట్టిన తావ్ హువాబీకి చదవడం, రాయడం రాదు. ఆ కారం పేరు 'లావ్ గాన్ మా'. సీసా మీది ఫొటో ఆవిడదే.