పావగడ సోలార్ పార్కు: కౌలు ఎవరికి, కూలి ఎవరికి?

కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర పల్లెలే. బళ్లో కన్నడం నేర్చుకున్నా అక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. కరువు కూడా అటూ ఇటూ ఒకటే, పంటా ఒకటే: వేరుశనగ. తొలి వానకు విత్తుతారు, మొలక బాగానే వస్తుంది. తీరా ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ పట్టే కాడలు) దిగే వేళకు వాన ముఖం చాటేస్తుంది. బిగిసిన నేలలోకి ఊడ దిగదు, కాయ పట్టదు. పశువులకు మేతగా ఎండు కట్టె మిగిలితే అదే గొప్ప. వాతావరణ మార్పులతో వానకూ వానకూ మధ్య ఎడం పెరిగితే ముందుగా దెబ్బతినేది ఇలాంటి మెట్ట సేద్యమే. బోర్లు వేసి అప్పులపాలైనవాళ్లు ఎప్పటి నుంచో బెంగళూరు బస్సెక్కుతూనే ఉన్నారు.

అలాంటి చోటికి 2015 తర్వాత సోలార్ పార్కు వచ్చింది. కర్ణాటక ప్రభుత్వ సంస్థ, కేంద్రం తరఫున సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కలిసి ఒక కంపెనీ పెట్టి తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్లలో సుమారు 13 వేల ఎకరాలు తీసుకున్నాయి. కొనలేదు, 28 ఏళ్ల కౌలుకు తీసుకున్నాయి. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకు చేరింది.

భూమి రైతు పేరునే ఉండటం చిన్న విషయం కాదు. మన అనంతపురం వైపు ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో భూమినే సేకరించారు. పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నవాళ్ల పరిహారం గొడవగా మారింది.

అయినా పావగడ లెక్క అందరికీ ఒకేలా పడలేదు. పదెకరాల ఆసామికి మొదట్లోనే ఏడాదికి 2.10 లక్షలు, అదీ వానతో పనిలేకుండా. రెండెకరాల రైతుకు 42 వేలు, అంటే నెలకు మూడున్నర వేలు. ఆ డబ్బుతో ఇల్లు గడవదు, మళ్లీ కూలికి పోవాల్సిందే. మరి కూలి ఎక్కడుంది? విత్తనాలు, కలుపు, కాయ కోతలు పొలంతోపాటే పోయాయి. కంచె పడ్డాక గొర్రెలకు మేత బీళ్లూ తగ్గాయి. పార్కు కట్టేటప్పుడు చేతినిండా పని దొరికింది, కట్టడం అయ్యాక మిగిలింది సెక్యూరిటీ గార్డు, గడ్డి కోత, ప్యానెళ్లు కడగడం. అవి కూడా ఎక్కువగా కాంట్రాక్టరు చేతిలోనే. టెక్నీషియన్ కొలువుకు డిప్లొమానో ఐటీఐనో కావాలి, యాభై ఏళ్ల కూలీ ఆడమనిషికి అది అందే పని కాదు.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం 7.5 లక్షల ఉద్యోగాలు వస్తాయంటోంది. అందులో కట్టేటప్పటి పనులెన్ని, ప్లాంటు నడిచే పాతికేళ్లూ ఉండేవెన్ని అన్నది విడగొట్టి చెప్పాలి. కౌలు ఒప్పందం పట్టాదారుతోనే జరుగుతుంది కాబట్టి కూలీల ఊసు అందులో ఎలాగూ రాదు. వస్తేగిస్తే ఈ విధానంలోనే రావాలి.