నా చేయి ముందే రాసేసిన మాట

పిల్లలూ,

“ఏఐ అబద్ధాలు చెబుతుందా తాతయ్యా?” అని మీలో ఒక పాప అడిగింది. పాఠంలో లేని కథని ఏఐ ఉన్నట్టే చెప్పిందట. పాపం, చాలా కోపం వచ్చినట్టుంది.

నా చిన్నప్పుడు, పదేళ్లుంటాయేమో, చదువు రాని పెద్దవాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. అన్నిట్లోనూ అవే మాటలు. “మేమంతా ఇక్కడ” అనగానే, వాళ్లు చెప్పకముందే నా చేయి “క్షేమం” అని రాసేసేది. ఒకరోజు ఒక అవ్వ కొడుక్కి రాయించుకుంది. ఎప్పటిలాగే క్షేమం అని రాసేశాను. తాత మంచం పట్టాడు, వెంటనే రమ్మని చెప్పడానికి వచ్చింది ఆ అవ్వ! చివర్లో “ఒకసారి చదివి వినిపించు నాయనా” అంది కాబట్టి బయటపడింది. నేను అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆమె మొహం చూడకుండా, అలవాటైన మాట రాశాను, అంతే.

మీరు కబుర్లు చెప్పే ఏఐ కూడా లెక్కలేనన్ని పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది చెప్పిన పాత తీర్పుల్ని సరిచూసుకోకుండా కోర్టుకి ఇచ్చారు. ఆ తీర్పులు అసలు లేనేలేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ అవ్వలాగా ఒక్కసారి సరిచూసుకుని ఉంటే బాగుండేది.

అలాగని దాన్ని తీసిపారేయకండి. చూపు లేనివాళ్లకి ఎదురుగా ఏముందో ఇప్పుడు ఫోన్ చెబుతోంది. మన ఒంట్లో రకరకాల పనులు చేసే అతిచిన్న పదార్థాలు ప్రొటీన్లు. అలాంటి ఒక్క ప్రొటీన్ ఆకారం తేల్చడానికే శాస్త్రవేత్తలకి ఒక్కోసారి ఏళ్లు పట్టేది. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు అంచనా కట్టింది. దాన్ని తయారుచేసినవాళ్లకి 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. అవీ అంచనాలే, ల్యాబ్‌లో సరిచూసుకోవాల్సిందే. అయినా తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నాకు టెన్షన్ పెట్టేది ఒకటుంది. ఏఐ కాసేపు వింటే చాలు, మీ అమ్మ గొంతుతోనే మాట్లాడగలదు. ఫోన్‌లో అమ్మ గొంతు “అర్జెంటుగా డబ్బు పంపించు” అంటే, పెట్టేసి, అమ్మ నంబరుకి మీరే చేయండి.

ఇవాళ ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఉన్న ఒక చెట్టు పేరు చెప్పి, దాని ఆకు అంచు నున్నగా ఉంటుందా, రంపంలా ఉంటుందా అని ఏఐని అడగండి. అది చెప్పింది కాగితం మీద రాసుకుని చెట్టు దగ్గరికి వెళ్లండి. ఆకుని వేళ్లతో తడిమి చూసి, ఏం కనిపించిందో మీ చేత్తో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య