పెద్ద మానిటర్ కొనేముందు ఒత్తులు చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో డీటీపీ చేసేవారి తెర మీద మూడు లిపులు ఒకేసారి ఉంటాయి. పెళ్లికార్డులో తెలుగు ఒక పక్క, ఒడియా ఇంకో పక్క, కవరు మీద ఇంగ్లిష్. భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తెరిచి, దాన్ని చూస్తూ దరఖాస్తు నింపే ఆన్‌లైన్ సెంటర్‌లోనూ ఇదే అవస్థ. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఇదంతా పట్టదు గనక పెద్ద మానిటర్ తగిలించుకోవాలనుకోవడం సబబే. చవగ్గా వచ్చిందని 27 అంగుళాలది తెస్తారు. అక్షరాలు పెద్దవైతే అవుతాయి గానీ ల్యాప్‌టాప్‌లో ఉన్న నునుపు ఉండదు. ‘స్త్రీ’ కింద తావత్తూ క్రారవడీ కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. మానిటర్ పాడైందేమోనని వెనక్కి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. అది పాడవలేదు, దాని లెక్కే అంత.

తెర కొలత వేరు, అందులో ఉన్న చుక్కల లెక్క వేరు. 1920×1080 చుక్కలు 15.6 అంగుళాల తెరలో ఉంటే అంగుళానికి 141 పడతాయి. అవే చుక్కల్ని 27 అంగుళాల్లో పరిస్తే అంగుళానికి 82 మాత్రమే వస్తాయి, ఒక్కో చుక్క 0.31 మిల్లీమీటర్లు అవుతుంది. 6/6 చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు 0.17 మిల్లీమీటర్లకు సమానం. అంటే ఆ మానిటర్‌లో చుక్కలు విడివిడిగా కంటికి ఆనేంత పెద్దవన్నమాట. అదే 27 అంగుళాల్లో 2560×1440 ఉంటే చుక్క 0.23కి తగ్గుతుంది. 3840×2160, అంటే 4కె అయితే 0.16. ఇక కంటికి అందదు.

ఈ లోపం ఇంగ్లిష్‌లో కన్నా మన లిపిలో ఎక్కువగా బయటపడుతుంది. విండోస్‌లో స్కేలింగ్ (తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే సెట్టింగ్) 100 శాతం ఉన్నప్పుడు 11 పాయింట్ల అక్షరానికి నిలువునా దొరికేవి సుమారు 15 చుక్కలు. పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి దాని కింద మరో ఒత్తు, అన్నీ ఆ కాస్త జాగాలోనే సర్దుకోవాలి. తెర మీద ప్రతి చుక్కా నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు పట్టీలు. విండోస్‌లో ఉండే క్లియర్‌టైప్ అనే ఏర్పాటు ఆ పట్టీల్ని విడివిడిగా వాడుకుని అక్షరాన్ని నున్నగా చేస్తుంది. అయితే పట్టీలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి లాభం అడ్డంగానే. ఇంగ్లిష్ ఎల్, ఐ లాంటి నిలువు గీతలకు అది బాగా పనికొస్తుంది, కిందికి దిగే ఒత్తులకు అంత కలిసిరాదు. ఒడియాదీ ఇలాంటి ఇబ్బందే. చాలా అక్షరాలకు పైన గొడుగులాంటి వంపు ఒకటే ఉంటుంది, ఏ అక్షరమో చెప్పే మెలిక కింద చిన్న చోటులో ఉంటుంది.

అందుకని కొట్టులో ఆడే రంగురంగుల వీడియో చూసి మోసపోకండి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మీ’, ‘వస్త్రాలు’ 11 పాయింట్లలో టైపు చేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, మీరు కూర్చునే దూరం నుంచి చదవండి. డబ్బు తక్కువుంటే 24 అంగుళాల 1080 తీసుకోండి, అంగుళానికి 92 చుక్కలతో పని నడిచిపోతుంది. 27 అయితే 1440కి తగ్గొద్దు. రోజంతా అక్షరాలతోనే పనైతే 27 అంగుళాల 4కె తీసుకుని స్కేలింగ్ 150 శాతం పెట్టండి. 1440 తెరలో పట్టినంతే పడుతుంది, కానీ అక్షరానికి 15 బదులు 22 చుక్కలు దొరుకుతాయి. 32 అంగుళాల 1080 ఊరికే ఇచ్చినా ఈ పనికి వద్దు.

4కె తెచ్చాక వచ్చే రెండో తలనొప్పి కేబుల్‌ది. తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలి, చుక్కకు 24 బిట్ల చొప్పున లెక్కేస్తే బొమ్మకే సెకనుకు 12 గిగాబిట్లు కావాలి. వరసల మధ్య విరామాలు కూడా కలిపితే 14.3. పాత ల్యాప్‌టాప్‌లో ఉండే హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగింది 8.2 మాత్రమే, అందుకే 4కె అక్కడ 30 సార్లకు పడిపోతుంది. మౌస్ బాణం ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటే అనుమానం దీనిమీదే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేట్ కనిపిస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 కి 14.4 దాకా ఓపిక ఉంది, సరిగ్గా సరిపోతుంది. ల్యాప్‌టాప్ పోర్టే 1.4 అయితే ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా ఒరిగేదేమీ లేదు. పోర్టు మంచిదై, అప్పుడప్పుడూ తెర క్షణంపాటు నల్లబడుతుంటే మాత్రం కేబుల్‌నే అనుమానించాలి. మూడు మీటర్లు దాటిన మామూలు కేబుల్ ఈ వేగానికి తరచూ తడబడుతుంది. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కనెక్టర్‌కి ఉప్పు పట్టినా ఇదే లక్షణం. స్విచ్‌లన్నీ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్లగ్గు తుడిచి, ఆరాక పెట్టండి.

టైప్‌-సి ఉంటే ఒక్క తీగతో బొమ్మా, చార్జింగూ రెండూ అయిపోతాయి. కాని ఆ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ బొమ్మ ఇవ్వదు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ (బొమ్మ పంపే పద్ధతి) గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడండి, లేకపోతే మోడల్ వివరాల్లో వెతకండి. ఫోను చార్జర్‌తో వచ్చే సన్న కేబుల్‌లో చాలావరకు బొమ్మ మోసే తీగలే ఉండవు. ఒక టైప్‌-సి పోర్టు నుంచి పలు పోర్టులు తీసిచ్చే చవక హబ్బులకు ఇంకో మెలిక ఉంది. టైప్‌-సిలో సమాచారం మోసే నాలుగు దారుల్లో రెండింటిని యూఎస్‌బీకి ఇచ్చేసి, మిగిలిన రెండింటితో బొమ్మ పంపుతాయి. ల్యాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగానికే పరిమితమైతే 4కె మళ్లీ 30కే వస్తుంది.

ఇంట్లో ఉన్న టీవీనే వాడుకుందామంటే సినిమాకు బాగుంటుంది, రాతకు కాదు. అంచులు కోసేస్తుంది, రంగు సమాచారం కుదించి అక్షరాల చుట్టూ ఎర్రటి, నీలపు చారలు తెస్తుంది. ఇన్‌పుట్ పేరు ‘పీసీ’ అని మారిస్తే చాలా టీవీల్లో రెండూ సర్దుకుంటాయి.

ఎర్త్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు పిన్నుల చార్జర్‌లో, విద్యుత్ గోల (నాయిస్) అణచడానికి కరెంటు వైపుకీ ల్యాప్‌టాప్ వైపుకీ మధ్య చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ లేనప్పుడు దాని పుణ్యాన ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద 230 వోల్టుల్లో దాదాపు సగం తేలుతుంటుంది. ప్రవాహం మిల్లీయాంపుకు లోపే కాబట్టి చేతికి చిమచిమలాడి ఊరుకుంటుంది. అదే మూడు పిన్నుల మానిటర్‌కి హెచ్‌డీఎంఐ గుచ్చే క్షణంలో ఆ తేడా అంతా సిగ్నల్ పిన్నులోంచి దిగితే పోర్టు వెనకున్న చిప్పు పోతుంది. ల్యాప్‌టాప్ నిక్షేపంలా నడుస్తూ బయటి తెర ఒక్కటే రాకపోవడానికి తరచూ కారణం ఇదే. ముందు కేబుల్ పెట్టండి, తర్వాతే రెండింటి స్విచ్‌లూ వేయండి. సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరిచేయడం లాంటి తెలివి వద్దు. రాయగడ, కొరాపుట్ రాతి నేలల్లో ఎర్త్ సరిగ్గా అందదు. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండితే మరీను, నీళ్లు పోయించి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించాలి.

అమర్చడం చిన్న పని. విండోస్, పి మీటలు కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే రెండు తెరలూ విడివిడిగా పనిచేస్తాయి. ‘డూప్లికేట్’ పెడితే పెద్ద తెర కూడా చిన్నదాని కొలతకు దిగిపోవచ్చు. పై అంచు కంటి ఎత్తులోనో కాస్త కిందో ఉండాలి, దూరం చెయ్యి చాచినంత. గోడకు బిగిస్తే వెనక బెజ్జాలు 75 లేక 100 మిల్లీమీటర్ల చదరం, ఎం4 మరలు. పొడవెక్కువైన మర లోపలి బోర్డుకు తగులుతుంది. తుడిచేటప్పుడు నీళ్లు తెర మీద చల్లకండి. జారిన చుక్క కింది అంచులోకి దిగి, అక్కడి సర్క్యూట్‌ని తడిపి, నిలువు గీతలు మిగిలిస్తుంది. బట్ట మీద చల్లి తుడవాలి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ ఆరిపోతుంది, తెరిచిన విండోలన్నీ చిన్న తెరలోకి వచ్చిపడతాయి. 27 అంగుళాల మానిటర్ మామూలుగా లాగేది 30 నుంచి 50 వాట్లే, 600 వీఏ యూపీఎస్ సులువుగా మోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములు, పిడుగులతో కాళబైశాఖి గాలివాన లేచినప్పుడు మాత్రం యూపీఎస్ ఉందన్న ధీమా పనికిరాదు. మానిటర్ ప్లగ్గు, చార్జరు, వైఫై పెట్టెకు వచ్చే ల్యాన్ తీగ, మూడూ పీకేయండి. పిడుగు పోటు కరెంటు తీగలోంచే రానక్కర్లేదు. వైఫై పెట్టె నుంచి ల్యాప్‌టాప్‌కు కూడా తీగ వేసి ఉంటే, ల్యాన్ తీగలోంచి ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా మానిటర్‌లోకి కూడా దారి ఉంది.