తోడువాళ్లు వదిలేసిన యాత్రికురాలు

పిల్లలూ,

వెనకటి రోజుల్లో దూరపు యాత్రంటే నడకే కష్టమనుకుంటాం. కాదర్రా, తోడు దొరకడం కష్టం. దొంగల భయం, తెలియని భాషలు. గుంపును వదిలితే గండమే. ఆ గుంపుకే కంటగింపైన మనిషి మార్జరీ కెంప్.

ఈమెది ఇంగ్లండులోని లిన్ రేవు. పుట్టింది 1373 ప్రాంతంలో. తొలి కాన్పు తర్వాత మతి చలించింది. తనను తాను గాయపరచుకుంటుంటే కట్టేసి ఉంచారు. అలా ఆరు నెలలు దాటాక ఒకనాడు, ఊదారంగు పట్టు బట్టల్లో క్రీస్తు వచ్చి మంచం మీద కూర్చున్నాడని చెప్పింది. తేరుకోగానే మొగుణ్ణి అడిగిందేమిటో తెలుసా? తిండి సామాను కొట్టు తాళాలు!

1413లో జెరూసలెం ప్రయాణం కట్టింది. అప్పటికి 14 మంది పిల్లల తల్లి. వెళ్లేముందు, తనకో తన భర్తకో అప్పిచ్చినవాళ్లుంటే వచ్చి అడగమని చర్చిలో చెప్పించి లెక్కలు తేల్చుకుంది. ఇంగ్లండులోనే యార్మత్ రేవులో ఓడెక్కింది. దారిలోనే పేచీ మొదలైంది. మాంసం ముట్టదు, అస్తమానం ఏడుస్తుంది, అన్నం దగ్గరా దేవుడి మాటలే. విసిగిపోయిన తోటివాళ్లు ఆమె గౌను మోకాళ్ల కిందికి కత్తిరించి, గోనెలాంటి తెల్లబట్ట కట్టించి, పిచ్చిదానిలా బల్ల చివర కూర్చోబెట్టారు. వెనిస్‌లో 13 వారాలు ఆగాల్సి వచ్చింది. అక్కడ వాళ్లు తమకు మాత్రమే ఓడ మాట్లాడుకుని, పరుపులూ ద్రాక్షసారా పీపాలూ కొనుక్కున్నారు. ఈమె తన పరుపు తానే కొనుక్కుంది. ఆ ఓడ వద్దని మనసులో దేవుడు చెప్పాడని మరో ఓడ చూసుకుంది. అది వినేసరికి వాళ్లకూ గుబులు పుట్టింది. పీపాలు అమ్మేసి ఆమె వెనకే వచ్చారు! ఇష్టం లేకపోయినా నమ్మకం ఉందన్నమాట.

జెరూసలెం కనబడగానే గాడిద మీంచి పడబోయింది. జబ్బు చేసిందనుకుని ఒక జర్మన్ యాత్రికుడు నోట్లో సుగంధ ద్రవ్యాలు వేశాడు. క్రీస్తు సమాధి ఉన్న చర్చిలో ఒక సాయంత్రం నుంచి మర్నాటి సాయంత్రం దాకా ఉండాలి. సన్యాసులు శిలువ పట్టుకుని ముందు నడుస్తూ ఒక్కో చోటూ చూపిస్తుంటే, యాత్రికులు మైనపు వత్తులు పట్టుకుని వెంట వెళ్లేవారు. శిలువ వేసిన కొండ దగ్గర, ఆ బాధ కళ్లముందే జరుగుతున్నట్టు కనబడి, ఈమె చేతులు చాచి కుప్పకూలి పెద్దగా కేక పెట్టింది. ఆ కేకలు ఇల్లు చేరాక కూడా ఏళ్ల తరబడి వచ్చాయి. ఒకరోజైతే 14 సార్లు. బిగబట్టుకోబోతే మొహం సీసం రంగుకు తిరిగేదట.

దొంగేడుపన్నవాళ్లున్నారు, జబ్బన్నవాళ్లున్నారు. నాకైతే, నలుగురూ నవ్వుతారని తెలిసీ అన్నేళ్లు నటించడం జరిగే పనిలా తోచదు.

ఆమెకు రాయడం రాదు. తన కథ చెబితే ఒకరు పుస్తకంగా రాశారు, అది మొదట్లో ఎవరికీ చదవరాలేదు. 1436లో ఒక పాదిరి తిరగరాయబోతే అక్షరాలు ఆనలేదు. కళ్లద్దాలు పెడితే మరీ అధ్వాన్నం. ఆమె ప్రార్థించాక కుదిరిందని ఆ పుస్తకమే చెబుతుంది. అందులో కథ చెప్పేటప్పుడు తనను ‘నేను’ అనుకోదు, ‘ఈ జీవి’ అనే. 1501 ప్రాంతంలో అచ్చయిన కొద్ది పేజీల్లో ఆమె కేకలు దాదాపుగా తీసేశారు. పూర్తి రాతప్రతి 1934లో ఒక ఇంగ్లిషు కుటుంబం ఇంట్లో బయటపడింది.

మీ
అమ్మమ్మ