బలం ప్రమాణాల మార్పిడి: అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టాలో కాలువ లాకు షట్టరు మార్చాలన్నా, మెత్తటి బంకమట్టిలో పైల్ పునాది వేయాలన్నా పాత కాగితాల్లో టన్నులు, కొత్త డ్రాయింగుల్లో కిలో న్యూటన్లు ఎదురవుతాయి. భీమవరం పరిసరాల్లో కాంక్రీటు, మట్టి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేసే నాకు ఈ మార్పిడి గురించి తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: కిలోలను పదితో గుణిస్తే న్యూటన్లు వచ్చేస్తాయి.

నోటి లెక్కకు ఇది పనికొస్తుంది కానీ, రిపోర్టులో రాయడానికి పనికిరాదు. 1 కిలోగ్రాం బలం (ప్రామాణిక గురుత్వం దగ్గర 1 కిలో వస్తువు బరువు) అంటే 9.80665 న్యూటన్లు కాబట్టి, పదితో గుణించినప్పుడు ఫలితం దాదాపు 2 శాతం పెరుగుతుంది. 150 మిల్లీమీటర్ల భుజమున్న కాంక్రీటు పరీక్ష క్యూబు 45 టన్నుల దగ్గర పగిలిందనుకుందాం. పదితో గుణిస్తే 450 కిలో న్యూటన్లు వస్తాయి. దానిని 22,500 చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే సరిగ్గా 20 వచ్చి, ఎం 20 కాంక్రీటు (చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాల్సిన రకం) బాగున్నట్టే కనిపిస్తుంది. అసలు బలం మాత్రం 441.3 కిలో న్యూటన్లే, అంటే చదరపు మిల్లీమీటరుకు 19.6 న్యూటన్లు. లేని బలాన్ని ఉన్నట్టు చూపే పొరపాటు కాబట్టి దీనిని చిన్నదిగా తీసిపారేయకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఊరు మారితే కిలోగ్రాం బలం విలువ కూడా మారుతుంది.

మారదు. 9.80665 అనేది 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ గురుత్వ త్వరణానికి ఖరారు చేసిన ప్రామాణిక విలువ. మారేది వస్తువు బరువు. మన డెల్టాలో గురుత్వ త్వరణం సుమారు 9.78 మాత్రమే కాబట్టి, 50 కిలోల సిమెంటు బస్తా ఇక్కడ నేలను నొక్కే బలం 490 న్యూటన్లకన్నా కాస్త తక్కువ, దాదాపు 489. సాధారణ నిర్మాణాలకు ఈ తేడా లెక్కలోకి రాదు. తూనిక రాళ్లను వేలాడదీసి బలం కొలిచే యంత్రాన్ని కాలిబ్రేట్ చేసేవారు మాత్రం స్థానిక విలువనే తీసుకోవాలి.

అపోహ: పాత డ్రాయింగులోని ఎం 150 చాలా గట్టి కాంక్రీటు.

అది చదరపు సెంటీమీటరుకు 150 కిలోగ్రాం బలం, అంటే నేటి ఎం 15కు దగ్గరగా ఉండే రకం.

అపోహ: డైన్ల లెక్క వేరే పద్ధతి, అది కష్టం.

డైన్ కూడా బలానికి ప్రమాణమే, న్యూటన్ కన్నా చాలా చిన్నది: 1 న్యూటన్‌కు 1,00,000 డైన్లు. రెండూ మెట్రిక్ ప్రమాణాలే కాబట్టి దశాంశ బిందువు జరిపితే సరిపోతుంది, గురుత్వ త్వరణంతో పనిలేదు.

అపోహ: నీటి లెక్కలో ఎప్పుడైనా చివర 9.81తో గుణించాలి.

2 మీటర్ల వెడల్పున్న నిలువు షట్టరుకు ఒకవైపే 3 మీటర్ల లోతు నీరుంటే, ఘనపు మీటరు నీటి బరువు 1 టన్నుగా తీసుకున్నప్పుడు దానిపై పడే మొత్తం ఒత్తిడి బలం 9 టన్నులు, దానిని 9.81తో గుణిస్తే 88.3 కిలో న్యూటన్లు. నీటి బరువును మొదటే 9.81 కిలో న్యూటన్లుగా తీసుకున్నవారు చివర మళ్లీ గుణిస్తే 866 వస్తుంది, ఆ లెక్కతో షట్టరు ప్లేటు అక్కరలేనంత మందంగా తయారవుతుంది. అందుకే ప్రతి వరుసలోనూ అంకె పక్కనే ప్రమాణం రాయమని మా ల్యాబ్‌కు వచ్చే కుర్ర ఇంజనీర్లకు పట్టుబట్టి చెబుతాను.